నాలుగో పేరా గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

ఆకలి మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. నాలుగో పేరాలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘మెదడు ఆజ్ఞాపించగానే జంతువు తినడం మానేస్తుంది’ అని రాశావు. ఆ వాక్యం కోసమే ఈ ఉత్తరం. నువ్వు అడిగిన మిగతా సంగతులు తర్వాత చూద్దాం.

మెదడు ఆజ్ఞాపించింది సరే, కడుపు నిండిందని దానికి కబురు చేర్చింది ఎవరు? మెదడును గుండెతో, జీర్ణకోశంతో కలిపే పొడవాటి నాడి వాగస్. దాని తంతువుల్లో సుమారు 80 శాతం సమాచారాన్ని శరీరం నుంచి మెదడుకు మోసేవే. కింది నుంచి ఇంత రాకపోక ఉంటే నీ వ్యాసంలో పేగు ఊసే లేదు. మెదడును సింహాసనం మీద కూర్చోబెట్టి రాయడం మన సైన్సు రచయితలకు ఎప్పటి నుంచో ఉన్న జబ్బు. అది నీకు అంటకూడదు.

ఎలుక జీర్ణాశయానికి గొట్టం అమర్చి, మింగిన ద్రవాహారమంతా బయటికి కారిపోయేలా చేస్తే ఏమవుతుందో తెలుసా? తింటూనే ఉంటుంది. నాలుకకు రుచి తెలుస్తోంది, గొంతు మింగుతోంది, మెదడుకు ఏ దెబ్బా తగల్లేదు. పేగుకు మాత్రం ఏమీ చేరడం లేదు. 1973లో గిబ్స్, యంగ్, స్మిత్ అలాంటి ఎలుకలకే కొలిసిస్టోకైనిన్ ఇచ్చారు. ఆహారం అందినప్పుడు చిన్నపేగు విడుదల చేసే హార్మోను అది. కడుపులో ఏమీ నిలవకపోయినా ఎలుకలు తినడం ఆపేశాయి. జీర్ణకోశానికి వెళ్లే వాగస్ శాఖలను కోసేస్తే ఆ హార్మోను ప్రభావం పోతుందని 1981లో తేలింది. కబురు ఏ దారిన వెళ్తోందో అలా బయటపడింది. ఇంత కథ ఉండగా ‘ఆజ్ఞాపించగానే’ అన్న ఒక్క మాటతో ఎలా దాటేశావు?

బ్లోఫ్లై అనే ఈగ సంగతి ఇంకా ఘోరం. దాని ముందుపేగు నుంచి మెదడుకు వెళ్లే సన్నటి నాడిని కోస్తే, పొట్ట ఉబ్బిపోతున్నా చక్కెర నీళ్లు తాగుతూనే ఉంటుంది. రాయడం మొదలుపెట్టిన కొత్తలో దీని మీద ఒక వ్యాసం రాశాను. పుస్తకాలు కొనే స్తోమత లేక, ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలో నిలబడి చేత్తో రాసుకున్న విషయం అది. సంపాదకుడు ప్రయోగమంతా కొట్టేసి, చివరి ఫలితాన్ని ఒక్క వాక్యంగా మిగిల్చాడు. పాఠకుడికి అంతకు మించి అక్కర్లేదన్నాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఏం కోశారో, కోశాక జంతువు ఏం చేసిందో చెప్పకపోతే పాఠకుడు మనల్ని ఎందుకు నమ్మాలి? ఇప్పటి పత్రికలకు ‘పేగు మన రెండో మెదడు’ అన్న శీర్షిక దొరికితే చాలు, లోపల ఏముందో అడిగేవాళ్లు లేరు.

మెదడుకు పనే లేదని రాయమనడం లేదు. ఆకలి పుట్టించే ఏజీఆర్‌పీ అనే నాడీకణాలు మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్‌లో ఉన్నాయి. ఆకలిగా ఉన్న ఎలుకకు ఆహారం కనబడగానే, ఒక్క ముద్దయినా తినకముందే వాటి జోరు తగ్గుతుంది. కానీ పోషకాలు పేగుకు చేరకపోతే ఆ తగ్గుదల నిలవదు. మెదడు వేసిన అంచనాను పేగు ఖాయం చేయాలి. తీపి రుచి తెలియకుండా జన్యువు మార్చిన ఎలుకలు కూడా కొన్నాళ్లకు మామూలు నీళ్ల కంటే చక్కెర నీళ్లనే ఎంచుకుంటాయని 2008లో చూపించారు. నాలుకకు తెలియనిది వాటికి ఎక్కడి నుంచి తెలిసిందో నీ పాఠకుణ్ణి ఆలోచించనివ్వు.

తిన్న ఎలుక మూతి తుడుచుకుని, ఒళ్లు నాక్కుని, ముడుచుకు పడుకున్న దృశ్యం బాగా రాశావు. చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. పరిశోధకులు తృప్తిని గుర్తించింది సరిగ్గా ఆ వరసతోనే: తినడం ఆపడం, ఒళ్లు శుభ్రం చేసుకోవడం, విశ్రమించడం. కొలిసిస్టోకైనిన్ ఇచ్చిన ఎలుకల్లోనూ అదే వరస కనిపించింది. ఆ దృశ్యాన్ని వ్యాసం చివర దాచేశావు. దాన్ని నాలుగో పేరాలోకి తెచ్చి, గొట్టం అమర్చిన ఎలుక పక్కన పెట్టు. బరువు తగ్గించే మందుల పేరా తీసెయ్. తిరగరాసి నెలాఖరులోగా పంపు, చదువుతాను.

నీ శ్రేయోభిలాషి