స్లాక్‌బిల్డ్ మధ్యలో ఆగిపోవడానికి కారణం

మారతహళ్లి మిత్రులకు నమస్కారం. స్లాక్‌వేర్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో స్లాక్‌బిల్డ్ స్క్రిప్టు నడిపితే ఏదో లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) లేదంటూ మధ్యలో ఆగిపోతోందని రాశారు. ఆ స్క్రిప్టు సోర్సును, అంటే ప్రోగ్రాము మూల కోడ్‌ను, కంపైల్ చేసి ప్యాకేజీగా తయారు చేస్తుందే తప్ప, దానికి కావలసిన ఇతర లైబ్రరీలను తానుగా తెచ్చి పెట్టదు. దానితో వచ్చిన ఇన్ఫో ఫైలులో 'రిక్వైర్స్' అన్న వరుస చూడండి. అక్కడున్న ప్రతి పేరుకూ మళ్లీ సొంత ఇన్ఫో ఫైలు ఉంటుంది కనుక, ఇక దేనిమీదా ఆధారపడనిది దొరికేదాకా వెళ్లి, అక్కడి నుంచి ఒక్కొక్కటే ఇన్‌స్టాల్ చేసుకుంటూ వెనక్కి రావాలి. ఓపిక కావలసిన పనే, కానీ ఏది దేనికి అవసరమో స్పష్టంగా తెలుస్తుంది. సోర్సు ఫైలు చెడకుండా వచ్చిందో లేదో ఎండీ5 అనే తనిఖీ సంఖ్యతో సరిచూడటం మాత్రం దయచేసి మానకండి. తయారైన ప్యాకేజీ మామూలుగా టెంప్ డైరెక్టరీలో ఉంటుంది. దాన్ని రూట్‌గా, అంటే నిర్వాహక ఖాతాతో, ఇన్‌స్టాల్‌పీకేజీ (installpkg) ఆదేశంతో ఎక్కించండి.