గది తీసుకోండి, గాజులు తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మాది హిందూపురం. నా వయసు 27. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. నెలకు 52,000 చేతికి వస్తుంది. ముగ్గురం ఉండే పీజీ గదికి భోజనంతో కలిపి 11,000 కడుతున్నాను. రాత్రి పదకొండు దాకా ఆఫీసు కాల్స్ ఉండటంతో నాకూ, గదిలో మిగతా ఇద్దరికీ నిద్ర ఉండటం లేదు. ఆఫీసు దగ్గర ఒక చిన్న స్టూడియో ఫ్లాట్ చూసి 5,000 టోకెన్ ఇచ్చాను. అద్దె 17,000, మెయింటెనెన్స్ 1,500, అడ్వాన్సు ఆరు నెలలు. ఆడపిల్ల ఒంటరిగా ఉంటే సంబంధాలు రావని అమ్మ, డబ్బు దండగ అని నాన్న అంటున్నారు. కెంగేరిలో పెద్దమ్మ వాళ్లింట్లో ఉండమంటున్నారు. తమ్ముడి ఇంజనీరింగ్ చదువుకు నెలకు 20,000 ఇంటికి పంపుతాను. దాచుకున్నది 40,000 ఉంది. అమ్మ చేయించిన గాజులు తాకట్టు పెట్టి అడ్వాన్సు కట్టేసి, చేరాక ఇంట్లో చెబుదామనుకుంటున్నాను. ఇది తప్పా?

జవాబు: మూడేళ్లుగానో నాలుగేళ్లుగానో సంపాదిస్తూ, అందులో పెద్ద వాటా ఇంటికి పంపుతున్న అమ్మాయి, తలుపు వేసుకుని నిద్రపోవడానికి ఒక గది కావాలనుకోవడంలో ఏ తప్పూ లేదు. ఆ కోరికకు మీరు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర లేదు. నాకు ఆందోళన కలిగించింది మీ ఉత్తరంలోని చివరి మాట, గాజుల సంగతి.

ఒంటరిగా ఉంటే సంబంధాలు రావని అమ్మగారు అంటున్నట్టు మీరే రాశారు. పెళ్లిచూపులకో, దగ్గరి బంధువుల పెళ్లికో వెళ్లేటప్పుడు మీ అమ్మగారు మొదట అడిగేది ఆ గాజులనే. అవి తాకట్టులో ఉన్నాయని ఆ రోజు బయటపడితే, గది ఎందుకు అవసరమైందన్న మీ మాట వినే ఓపిక ఎవరికీ మిగలదు. ఇంకేమేం దాచిందో అన్న అనుమానమే మిగులుతుంది. డబ్బు లెక్కలో చూసినా ఇది నష్టమే. తాకట్టు మీద వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది, యజమాని దగ్గర ఉండిపోయే ఆరు నెలల అడ్వాన్సు 1,02,000 మీద మాత్రం మీకు పైసా రాదు. పైగా బెంగళూరులో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి పట్టుకోవడం మామూలు. ఆ 17,000 పోయినట్టేనని ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

నెల ఖర్చు సంగతి మీరు రాయలేదు కనుక నేనే వేసి చూశాను. అద్దె, మెయింటెనెన్స్ కలిపి 18,500. తిండి, గ్యాసు, కరెంటు, ఇంటర్నెట్‌కు పొదుపుగా వాడినా 7,000 అనుకోండి. ఇంటికి పంపే 20,000 కలిపితే 45,500. మిగిలేది 6,500, ఆటోలు, మందులు, బట్టలు, ఊరికి రాకపోకలు అన్నీ అందులోనే. గడుస్తుంది, కానీ మొదటి నెలలో పరుపు, స్టవ్, నాలుగు గిన్నెలు కొనడానికి కూడా డబ్బు ఉండాలి కదా. అందుకే అప్పుతో ఆ ఇంట్లో అడుగుపెట్టవద్దంటున్నాను.

కెంగేరి మాట ప్రేమతో అన్నదే. 2023 అక్టోబరు నుంచి కెంగేరి మీదుగా వైట్‌ఫీల్డ్ దాకా పర్పుల్ లైన్ మెట్రో ఒకే రైలుగా నడుస్తోంది కాబట్టి మీ నాన్నగారికి అది సులువుగానే కనిపించి ఉంటుంది. అయితే ఆ రెండూ నగరానికి దాదాపు రెండు కొసలు. రైల్లోనే గంటకు పైగా పడుతుంది. రాత్రి పదకొండుకు పని ముగిసే మనిషి ఆఫీసులో ఉంటే ఇల్లు చేరలేదు, పెద్దమ్మగారింట్లో కూర్చుని కాల్స్ మాట్లాడితే ఇప్పుడు పీజీలో ఉన్న ఇబ్బందే అక్కడా మొదలవుతుంది. ఈ మాట కోపం లేకుండా, సమయాలతో సహా నాన్నగారికి చెప్పండి. ఫోనులో వద్దు. హిందూపురం దగ్గరే కనుక ఒక ఆదివారం ఆయన్ను పిలిచి గది చూపించండి. ఆడపిల్ల ఉండబోయే ఇంటి తాళం, మెట్లు, వీధి దీపం, పక్కింటివాళ్లు, ఇవన్నీ కళ్లారా చూసిన తండ్రి భయానికీ, చూడని తండ్రి భయానికీ చాలా తేడా ఉంటుంది. డబ్బు కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. ఇంజనీరింగ్ ఫీజు నెలనెలా కట్టేది కాదు కాబట్టి, రెండు నెలలు ఇంటికి పదివేల చొప్పున తగ్గించి పంపి, ఫీజు గడువులోగా ఆ లోటు పూడుస్తానని అడగడం న్యాయమైన కోరికే. మాట ఇస్తే తప్పకండి.

అమ్మగారి భయం వేరు, అది లెక్కలతో తీరదు. ఒక వారం వచ్చి మీతో ఉండమనండి. అద్దె ఇంట్లో మర్యాదగా బతుకుతున్న అమ్మాయిని కాదనుకునే సంబంధం గురించి బెంగ పెట్టుకోవలసిన అవసరం లేదని నా నమ్మకం. అయినా ఆ మాట ఆవిడతో వాదనగా అనకండి.

ఇక గది. ఆదివారం వెళ్లినప్పుడు కిటికీ తెరిచి చూడండి. చాలా స్టూడియోల్లో రెండడుగుల దూరంలో పక్క బిల్డింగ్ గోడే ఉంటుంది, పగలు కూడా లైటు వేయవలసి వస్తుంది. కుళాయి తిప్పి, నీళ్లు కావేరివా, బోరువా, ట్యాంకరువా అని కింద ఉండేవాళ్లను అడగండి. 2024 వేసవిలో బోర్లు ఎండి నగరం ఎంత ఇబ్బంది పడిందో మీరు చూసే ఉంటారు. ట్యాంకర్ డబ్బు ఆ 1,500 లోనే వస్తుందో, విడిగా పంచుతారో తేల్చుకోండి. కరెంటుకు ప్రత్యేక మీటరు ఉండాలి. కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద ఇచ్చే ఉచిత విద్యుత్తు అద్దెకు ఉండేవారికీ వర్తిస్తుంది. ఒప్పందం 11 నెలలకు రాస్తారు, ఏడాది మించితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. అందులో అడ్వాన్సు ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారు, ముందుగా వెళ్లిపోతే ఏమిటి అన్న నాలుగూ అంకెలతో ఉండాలి. అడ్వాన్సు బ్యాంకు ఖాతా ద్వారానే పంపండి.

కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ వద్దంటుంది, కానీ రాష్ట్రం చట్టంగా తెచ్చుకుంటే తప్ప అది యజమానిని కట్టిపడేయదు. కాబట్టి బేరమే దారి. నాలుగు నెలలు, అంటే 68,000 కు ఒప్పించే ప్రయత్నం చేయండి. టోకెన్ పోను 63,000. చేతిలో 40,000 ఉంది. మిగతా 23,000 ఇంటికి తగ్గించి పంపే సొమ్ముతో, మీ పొదుపుతో రెండు నెలల్లో సమకూరుతుంది. అప్పటిదాకా గది ఆపుతారా అని యజమానిని అడగండి. ఆపనంటే టోకెన్ వెనక్కి అడిగి చూడండి. ఇవ్వకపోయినా ఆ 5,000 వదులుకుని, రెండు నెలల తర్వాత వేరే గది చూసుకోండి. వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఇలాంటి గదులు ఎప్పుడూ ఖాళీ అవుతూనే ఉంటాయి.