తప్పు మీ కోడ్‌లో లేదు, 6:5 చెల్లింపులో ఉంది

సింగిల్ డెక్ (ఒకే పేకతో ఆడే) బ్లాక్‌జాక్‌లో క్యాసినోకి లాభం దాదాపు సున్నా అని పాత పట్టికలు అంటుంటే, మీ సిమ్యులేషన్‌లో ఒకటిన్నర శాతం నష్టం ఎందుకొస్తోందని అడిగారు కదండీ. చెల్లింపు సెట్టింగ్ చూడండి, 6:5 అని ఉంటుంది. ఆ పట్టికలు 3:2కి వేసినవి.

మొదటి రెండు కార్డులూ ఏస్, 10 విలువ కార్డు అయితే దాన్నీ బ్లాక్‌జాక్ అనే అంటారు. అది పడితే 6:5లో 10 డాలర్ల పందేనికి 15 బదులు 12 వస్తాయి. బ్లాక్‌జాక్ సుమారు 21 చేతులకోసారి (చెయ్యి అంటే ఒక పంపకం) పడుతుంది (128/2652). అంటే 210 డాలర్ల పందేలకు 3 డాలర్లు పోయినట్టే. డీలర్‌కీ బ్లాక్‌జాక్ వస్తే ఎలాగూ సమానమే కాబట్టి, అవి తీసేస్తే తేడా 1.4 శాతం దగ్గర తేలుతుంది.

1962లో గణిత ఆచార్యుడు ఎడ్వర్డ్ థోర్ప్ కార్డుల లెక్కింపును పుస్తకంగా తెచ్చాక, 1964లో లాస్ వేగాస్ క్యాసినోలు డబుల్ (పందెం రెట్టింపు చేయడం), స్ప్లిట్ (జత కార్డులను రెండు చేతులుగా విడదీయడం) నిబంధనలు బిగించాయి. జనం ఆడటం తగ్గించేసరికి వారాల్లోనే వెనక్కి తగ్గాయి. 2000 దశకంలో వ్యాపించిన 6:5 మాత్రం అలా పోలేదు. ఆటగాడికి ఇంతకంటే చెడ్డ మార్పు నా దృష్టిలో లేదు.

బ్లాక్‌జాక్ చెల్లింపును 1.2 నుంచి 1.5కి మార్చి మళ్లీ నడపండి.