కీచైన్ టార్చి: ల్యూమెన్ల కన్నా ముందు బ్యాటరీ చూడండి

ప్రశ్న: తాళాల గుత్తికి తగిలించుకునే చిన్న టార్చి కొన్నాను. బ్యాటరీ లోపలే బిగించి ఉంది, 300 ఎంఏహెచ్. డబ్బా మీద 400 ల్యూమెన్లు, 45 గంటలు అని వేశారు. వెలిగించిన రెండు నిమిషాలకే వెలుతురు సగానికి పైగా పడిపోతోంది. వాపసు పంపేయాలా? రాత్రిళ్లు మోటారు వేయడానికి పొలం వెళ్లేటప్పుడు ఇది పనికొస్తుందా?
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: వెలుతురు తగ్గుతోందన్న ఒక్క కారణంతో వాపసు పంపకండి. ల్యూమెన్ అంటే టార్చి ఇచ్చే మొత్తం వెలుతురుకు కొలత. 400 ల్యూమెన్లకు సుమారు 4 వాట్లు కావాలి. వేలెడంత టార్చిలో ఆ వేడి పోయే దారి లేదు. అందుకే లోపలి సర్క్యూట్ కరెంటు తగ్గించేస్తుంది. తగ్గించకపోతే ఎల్‌ఈడీతో పాటు పక్కనే ఉన్న లిథియం సెల్లూ దెబ్బతింటుంది.

అసలు చూడాల్సింది బ్యాటరీలో ఎంత శక్తి ఉందన్నది. 300 ఎంఏహెచ్ అంటే 0.3 ఆంపియర్-అవర్. దాన్ని లిథియం సెల్లు ఇచ్చే 3.7 వోల్టులతో గుణిస్తే 1.1 వాట్-అవర్ వస్తుంది. ఈ సైజు టార్చిలో వాట్‌కు 100 ల్యూమెన్లు వస్తే మంచిదే. అంటే 100 ల్యూమెన్లు గంటసేపు, లేదా 50 ల్యూమెన్లు రెండు గంటలు. 45 గంటలు అన్నది రెండు ల్యూమెన్ల మోడ్ లెక్క. తాళం రంధ్రం వెతుక్కోవడానికి సరిపోతుంది, అంతే.

టార్చిల పనితీరు కొలవడానికి వాడే ఎఫ్‌ఎల్1 ప్రమాణం పాటించిన డబ్బాల మీది అంకెలనూ జాగ్రత్తగా చదవాలి. మొదటి వెలుతురులో పదో వంతుకు పడిపోయేదాకా గడిచిన సమయమే అక్కడ రన్‌టైమ్. దూరం కూడా 0.25 లక్స్ (ఒక చోట పడే వెలుతురుకు కొలత), అంటే దాదాపు పున్నమి వెన్నెలంత వెలుతురు పడేదాకా లెక్క. 60 మీటర్లు అని రాస్తే 15 మీటర్ల దగ్గర మీకు దక్కేది 4 లక్స్. గట్టు మీద పామును పోల్చుకోవడానికి ఆ నాలుగో వంతు దూరాన్నే నమ్మండి.

వాపసు గడువు ముగిసేలోపు రెండు పరీక్షలు తప్పక చేయండి, ఎందుకంటే ఈ సెల్లును తర్వాత మార్చుకోలేరు. ఒకటి: పూర్తిగా ఛార్జ్ చేసి, చీకటి గదిలో టార్చిని పైకప్పు వైపు నిలబెట్టండి. ఫోన్‌ను కదలకుండా పక్కన పెట్టి, లక్స్ మీటర్ యాప్‌లో ప్రతి పది నిమిషాలకు అంకె రాసుకోండి. 100 ల్యూమెన్ల మోడ్ అరగంటకే ఆరిపోతే సెల్లు బలహీనమైనదే. రెండు: టార్చి పూర్తిగా ఆరిపోయాక లోపలికి వెళ్లే కరెంటును లెక్కగట్టే యూఎస్‌బీ మీటర్ తగిలించి ఛార్జ్ చేయండి. ఇంత చిన్న టార్చిల్లో లోపలికి వెళ్లిన ఎంఏహెచ్ దాదాపు సెల్లు సామర్థ్యమే. 300కు దగ్గరగా వస్తే సరే. 180 దగ్గర ఆగితే వెంటనే పంపేయండి.

పొలానికి మాత్రం దీన్ని జేబులో రెండో దీపంగానే ఉంచుకోండి. చేతిలో 18650 సైజు (18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవు) సెల్లు మార్చుకునే టార్చి ఉండాలి. అందులో 9 వాట్-అవర్లకు పైగా ఉంటుంది, వెలుతురు పాదాల చుట్టూ వెడల్పుగా పడేది ఎంచుకోండి.

ప్రశ్న: నా చిన్న టార్చి ఫోన్ ఛార్జర్‌తో, రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో ఛార్జ్ కావడం లేదు. పాడైందా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ముందు ఒకవైపు పాత వెడల్పు యూఎస్‌బీ, మరోవైపు టైప్-సి ఉన్న కేబుల్‌తో ప్రయత్నించండి. కొన్ని చౌక టార్చిల సాకెట్‌లో 5.1 కిలో-ఓమ్ రెసిస్టర్లు పెట్టరు. అవి లేకపోతే టైప్-సి ఛార్జర్ అవతల పరికరం ఉందని గుర్తించదు, కరెంటు ఇవ్వదు. కొన్ని పవర్ బ్యాంకులు కూడా ఇంత తక్కువ కరెంటుకు మధ్యలోనే ఆగిపోతాయి. వాడకుండా పక్కన పెడితే సగం ఛార్జ్‌తో ఉంచి, మూడు నెలలకోసారి చూడండి. ఎండలో నిలిపిన బండి డిక్కీలో వదలకండి. టార్చి అంచు దగ్గర అతుకు విచ్చుకుంటే సెల్లు ఉబ్బినట్టే. ఇక ఛార్జింగ్ పెట్టొద్దు.