గ్రానైటు నలుపు, షట్టర్లు మెరూన్... గోడకేం వేయాలి?

ఈసారి విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వంటగట్టు వెనక గోడ గురించే. గట్టుకీ పై అరలకీ మధ్య, మేస్త్రీలు డాడో అనే రెండడుగుల పట్టీ అది. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఫ్లాటు కట్టి పదిహేనేళ్లు దాటింది. కప్‌బోర్డుల షట్టర్లు మెరూన్ రంగు, నిగనిగలాడే సన్‌మైకా. గట్టు బ్లాక్ గెలాక్సీ గ్రానైటు, నేల ఐవరీ రంగు వెట్రిఫైడ్ టైళ్లు. ఇవేవీ మార్చం. గోడ మీద పళ్లబుట్ట బొమ్మల టైళ్లు మాత్రం తీసేద్దామనుకుంటున్నాం. నాకు నీలం, తెలుపు మొరాకన్ డిజైన్ నచ్చింది. మా ఆయన పాలతెలుపు వేద్దామంటున్నారు. ఎల్ ఆకారంలో ఒక గోడ 8 అడుగులు, ఇంకోటి 6 అడుగులు. ఏవి, ఎన్ని కొనాలి?
— పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: మీ వంటింట్లో గట్టిగా కనిపించే రంగులు ఇప్పటికే రెండున్నాయి, మెరూన్, నలుపు. నీలం మూడోదవుతుంది. గది చిన్నది కాబట్టి కన్ను ఎక్కడా నిలవదు. మీరు చూసిన మొరాకన్ టైలు అందంగానే ఉండి ఉంటుంది, కానీ అది తెల్ల షట్టర్ల పక్కన అందం.

పాలతెలుపుతో ఇబ్బంది వేరు. మీ నేల ఐవరీ. అందులో పసుపు ఛాయ ఉంది. పక్కన ఏమీ లేనంతసేపూ అది తెలుపులాగే ఉంటుంది. నీలిమందు పెట్టినట్టుండే తెల్ల టైలు గోడకెక్కిందంటే, అదే నేల మాసిపోయినట్టు కనిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే ఒక తెల్ల కాగితం నేల మీద పెట్టి చూడండి, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

మీకు మేం చెప్పేది: నేల రంగుకంటే ఒక్క మెట్టు లేతగా ఉండే క్రీమ్ టైలు, బొమ్మలు లేనిది, మరీ నిగనిగలాడకుండా మెత్తని మెరుపుండే శాటిన్ ఫినిష్‌ది. బ్లాక్ గెలాక్సీ మన చీమకుర్తి రాయి. అందులో మెరిసే చుక్కల్లో బంగారు ఛాయ ఉంటుంది, దానికి క్రీమ్ బాగా కలుస్తుంది. నల్లగా పాలిష్ చేసిన రాయి అద్దంలాంటిది. గోడ మీద ఏ బొమ్మ వేసినా గట్టులో తలకిందులుగా మళ్లీ కనిపిస్తుంది. సాదా టైలు వేయమనడానికి ఇదీ ఒక కారణం. డిజైను ఉండి తీరాలంటే పొయ్యి వెనక రెండున్నర అడుగుల వెడల్పున మాత్రం వేయించండి. అందులో క్రీమ్, బొగ్గు రంగు తప్ప మూడోది లేకుండా చూసుకోండి.

షాపుకి ఉత్త చేతులతో వెళ్లకండి. ఫోన్‌లో ఫొటో రంగుని సరిగ్గా చెప్పదు. ఒక డ్రాయర్ ముందు పలక విప్పండి. చాలావాటికి లోపలి వైపు నుంచి నాలుగు స్క్రూలే ఉంటాయి. సింకు కోసం కోసిన గ్రానైటు ముక్క అటక మీద ఉంటే అదీ, మిగిలిన నేల టైలు ఉంటే అదీ సంచిలో వేసుకోండి. నచ్చిన రెండు టైళ్లు నమూనాకి ఇంటికి తెచ్చుకుని గట్టు మీద గోడకి ఆనించి నిలబెట్టండి. పడుకోబెడితే వెలుగు వేరేలా పడుతుంది. పగలు కిటికీ వెలుగులో ఒకసారి, రాత్రి లైటు వేసి ఒకసారి చూడండి. మీది 6500 కెల్విన్ తెల్ల ట్యూబులైటయితే క్రీమ్ కొంచెం పాలిపోతుంది. అరల కింద అంతకంటే కాస్త వెచ్చని వెలుగిచ్చే 4000 కెల్విన్ ఎల్‌ఈడీ పట్టీ పెడితే అదే టైలు కళగా ఉంటుంది.

ఇక లెక్క. 14 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు, అంటే 28 చదరపు అడుగులు. చిమ్నీ దగ్గర పై అర ఉండదు కాబట్టి అక్కడ మరో 5. మొత్తం 33. కోతల్లో పోయేదానికి పది శాతం కలిపితే 36 పైచిలుకు. కిటికీ ఉన్నా దాన్ని తీసేయొద్దు, దాని చుట్టూ కోతల్లోనే అంత పోతుంది. 300×600 మిల్లీమీటర్ల టైలు ఒక్కోటి 1.94 చదరపు అడుగులు, అంటే 19 కావాలి. పెట్టెకి 5 ఉంటే నాలుగు పెట్టెలు చాలు, కానీ అయిదోది కూడా అప్పుడే కొనండి. రేపు ఒకటి పగిలి షాపుకి వెళ్తే, అదే మోడల్‌లో వేరే షేడ్ నంబరు చేతిలో పెడతారు. అన్ని పెట్టెల మీదా బ్యాచ్, షేడ్ ఒకటే ఉన్నాయో లేదో ఆటో ఎక్కించకముందే చూడండి.

ఈ కొలతే ఎందుకంటే, అడ్డంగా రెండు వరసలు పేరిస్తే 600 మిల్లీమీటర్లు. టైళ్ల మధ్య సందు, అంటే గీత 2, గట్టు దగ్గర ఖాళీ 3 కలిపితే 605. మీ గట్టుకీ అరకీ మధ్య సరిగ్గా 24 అంగుళాలుంటే అది 609 పైచిలుకు. మిగిలిన 4 మిల్లీమీటర్లూ లైటు పట్టీ వెనక దాగిపోతాయి, కోత ముక్క ఒక్కటి కూడా కనిపించదు. గీతల సంగతి కూడా ఆలోచించండి. ఈ సైజులో చదరపు మీటరుకి 5 మీటర్ల గీతలు వస్తాయి. ఇప్పుడు అందరూ అడుగుతున్న 3×6 అంగుళాల చిన్న టైళ్లయితే 20 మీటర్లు. పోపు చిట్లేది ఆ గీతల మీదే, తోమాల్సిందీ మీరే.

ప్రశ్న: పాత టైళ్లు కొట్టేస్తే దుమ్ము, ఖర్చు అని మేస్త్రీ వాటి మీదే కొత్తవి అతికిస్తానంటున్నాడు. నిలుస్తాయా?
— పాఠకుడు, కూర్మన్నపాలెం

జవాబు: పాతవి గోడని గట్టిగా పట్టుకుని ఉంటే నిలుస్తాయి. రూపాయి బిళ్లతో ఒక్కో టైలునీ నాలుగు మూలలా, మధ్యలో తట్టండి. 'ఠంగ్' మంటే గట్టిది, 'డబ్' మంటే వెనక డొల్ల. అక్కడక్కడ రెండు మూడు డొల్లవి ఉంటే వాటిని తీసి పూడ్చి పైన వేయొచ్చు. నాలుగో వంతు దాటితే మొత్తం కొట్టించేయండి. లేకపోతే పాత టైలు కొత్తదాన్ని వెంటబెట్టుకుని ఊడుతుంది.

పాతవాటి మీద వేసేటట్టయితే ముందు జిడ్డు వదలాలి. చాకలి సోడా కలిపిన వేడినీళ్లతో తోమి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత గ్రైండర్ బ్లేడుతో నునుపు మీద అడ్డదిడ్డంగా గాట్లు పెట్టించండి. సిమెంటు పాలు ఇక్కడ పనికిరావు, అవి పట్టుకోవడానికి నీరు పీల్చే ఒళ్లుండాలి. ఐఎస్ 15477 అని ముద్ర ఉన్న టైల్ అడ్హెసివ్ కొనండి. టైలు మీద టైలుకి పనికొస్తుందని సంచి మీద రాసి ఉండాలి. 3 మిల్లీమీటర్ల మందానికి 20 కిలోల సంచి 40 నుంచి 45 చదరపు అడుగులకి వస్తుంది.

పని చెడేది ఎక్కువగా ఈ మూడుచోట్ల. ఒకటి, అలవాటు కొద్దీ టైళ్లని నీళ్ల తొట్టిలో నానబెట్టడం. సిమెంటుకి అది అవసరం, అడ్హెసివ్‌కి తడి టైలు అంటదు. రెండు, టైలు వెనక అయిదు ముద్దలు పెట్టి గోడకి నొక్కేయడం. ముద్దల మధ్య ఖాళీల్లో బొద్దింకలు చేరతాయి, చిన్న దెబ్బకే టైలు పగులుతుంది. పళ్లున్న తాపీతో గోడంతా ఒకే దిశలో గీసి అతికించాలి. మొదటి టైలు అతికించగానే ఒకసారి ఊడదీయించి చూడండి. వెనక అంతా అడ్హెసివ్ పూసుకుని ఉంటే సరిగ్గా చేస్తున్నట్టే. మూడు, గట్టుకీ టైలుకీ మధ్య సందుని తెల్ల సిమెంటుతో పూడ్చడం. గట్టు బండా గోడా వేరువేరుగా కదులుతాయి, ఆరు నెలల్లో అక్కడ వెంట్రుకవాసి బీట వస్తుంది. ఆ 3 మిల్లీమీటర్ల సందులో సిలికానే వేయించండి.

స్విచ్‌బోర్డుల మాట ముందే ఎలక్ట్రీషియన్‌తో చెప్పండి. గోడ 10, 12 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది కాబట్టి పాత స్క్రూలు అందవు.

ప్రశ్న: రెండేళ్ల కిందట తెల్ల టైళ్లు వేయించాం. పొయ్యి వెనక గీతలన్నీ పసుపుపచ్చగా అయిపోయాయి. సబ్బు పెట్టి తోమితే ఎర్రబడ్డాయి!
— పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: గాభరా పడకండి, పసుపు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. కుంకుమ తయారీలో జరిగేదీ అదే. మీ గీతల్లో ఉన్నది సిమెంటు గ్రౌటు. దానికి సన్నని రంధ్రాలుంటాయి, నూనెతో పాటు పసుపునీ లోపలికి లాక్కుంటుంది. మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వంటసోడా కలిపి ముద్దగా పట్టించి, అరగంట ఆగి పాత పళ్లబ్రష్‌తో తోమండి. రెండు మూడుసార్లకి చాలావరకు పోతుంది. ఎండ తగిలే గోడయితే మిగిలింది దానంతటదే వెలిసిపోతుంది. బాత్రూము యాసిడ్ మాత్రం వద్దు, అది సిమెంటుని తినేస్తుంది. బ్లీచింగుతో యాసిడ్ కలిస్తే విషవాయువు వస్తుంది, ఆ రెండూ ఒకేసారి ఎప్పుడూ వాడకండి.

శాశ్వతంగా కావాలంటే పాత గ్రౌటుని కనీసం 3 మిల్లీమీటర్ల లోతు గీకించి, ఒకరోజు ఆరబెట్టి ఎపాక్సీ (నూనె, నీరు పీల్చని రెజిన్ గ్రౌటు) నింపించండి. మేస్త్రీ డబ్బా మొత్తం ఒకేసారి కలిపితే ఆపండి. మన వేడికి అది చూస్తుండగానే బిగుసుకుంటుంది, కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. టైలు మీద అంటింది అప్పటికప్పుడే తడి స్పాంజితో తుడవాలి, మర్నాటికి అది ఊడిరాదు. తెలుపు మాత్రం వద్దు. తెల్ల ఎపాక్సీ మీద కూడా పసుపు ఛాయ పట్టుకుంటుంది. లేత బూడిద రంగో, బిస్కెట్ రంగో తీసుకోండి.

ప్రశ్న: మా ఇల్లు రుషికొండ దగ్గర, సముద్రం కనిపిస్తుంది. గట్టు శ్రీకాకుళం బ్లూ గ్రానైటు, షట్టర్లు టేకు రంగు. టైళ్లు కాకుండా స్టీలు రేకుగానీ గాజుగానీ వేయొచ్చా?
— పాఠకుడు, రుషికొండ

జవాబు: గాజు వేయండి. ఉప్పుగాలికి స్టీలు మీద టీ ఒలికినట్టు గోధుమరంగు మచ్చలు వస్తాయి. 202 రకమైతే త్వరగా, 304 అయితే కొంచెం ఆలస్యంగా. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలేనని షాపులో చెబుతారు, కానీ 202కీ అది అంటుకోదు. సముద్రానికి తట్టుకునేది 316, దాని ధర వేరు.

మీ రాయిలో నీలిబూడిద అలలు ఇప్పటికే కదులుతున్నట్టుంటాయి, గోడ సాదాగా ఉంటేనే వాటికి అందం. వెనక లేత బూడిద రంగు వేసిన గాజు, టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచినది), 6 లేదా 8 మిల్లీమీటర్లది చాలు. తెలుపు కావాలంటే ఎక్స్‌ట్రా క్లియర్ గాజే అడగండి. మామూలు గాజులో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, వెనక తెలుపు వేసినా ఆకుపచ్చగా కనిపిస్తుంది. ప్లగ్గుల రంధ్రాల కొలతలు ముందే ఇవ్వాలి. టఫెన్ చేశాక ఆ గాజుకి రంధ్రం వేయబోతే ముక్కలు ముక్కలైపోతుంది. అంటే గట్టు బిగించి, బోర్డులన్నీ పెట్టాకే కొలత తీయించాలి.

ప్రశ్న: మధురవాడలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. గోడకి ఉత్త పెయింటే ఉంది, నూనె మరకలు. అంటించే స్టిక్కర్లు వేయమంటారా?
— పాఠకురాలు, మధురవాడ

జవాబు: సింకు వైపు వేసుకోండి, పొయ్యి వెనక వద్దు. వేడికి స్టిక్కరులోని వినైల్ ప్లాస్టిక్ మెత్తబడి అంచులు లేస్తాయి, మంట దగ్గర అది ప్రమాదం కూడా. పొయ్యి వెనకకి 2×4 అడుగుల వెట్రిఫైడ్ టైలు ఒక్కటి కొని, అడ్డంగా గోడకి ఆనించి గట్టు మీద నిలబెట్టండి. రెండడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు వస్తుంది. బరువు 15 కిలోలదాకా ఉంటుంది కాబట్టి ముందుకి పడకుండా పై అంచు వెనక మూడుచోట్ల సిలికాన్ చుక్కలు పెట్టి ఒకరోజు కదపకండి. గట్టు రంగు తెలుపో, క్రీమో అయితే టైలూ అదే ఛాయలో తీసుకోండి. ఇల్లు మారేటప్పుడు వెనక నుంచి సన్నని తీగ పోనిచ్చి కోస్తే టైలు చేతికొస్తుంది. పెయింటు కొంచెం లేస్తే అక్కడ పుట్టీ పెట్టి రంగు వేయించాల్సి వస్తుంది, ఆ మాట ఇంటివారితో ముందే అనుకోండి.