తోకకప్పల నీళ్లలో టీ3 కలిపే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ప్రయోగం ప్లాను చదివాను. “థైరాయిడ్ హార్మోన్ రాగానే జన్యువులు పనిచేయడం మొదలెడతాయి” అని మొదటి పేజీలోనే రాశావు. అది సగం నిజమే. హార్మోన్ రాకముందు కూడా దాని గ్రాహకం, అంటే హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్, ఊరికే కూర్చోదు. ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరో గ్రాహకంతో జతకట్టి, డీఎన్‌ఏ మీద ఏజీజీటీసీఏ అనే వరస నాలుగక్షరాల ఎడంతో రెండుసార్లు వచ్చే చోటును ముందే పట్టుకుని ఉంటుంది. ఎన్‌కోర్, స్మర్ట్ ప్రోటీన్లను, వాటి వెంట హెచ్‌డాక్3 ఎంజైమును రప్పించి, డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీది, జన్యువును తెరిచి ఉంచే ఎసిటైల్ గుర్తులు తీసేయిస్తుంది. జన్యువు అణిగి ఉండేది అందుకే. థైరాయిడ్ హార్మోన్ చురుకైన రూపమైన టీ3 వచ్చి అతుక్కుంటే అదే గ్రాహకం ఆకారం మారి, వాటిని వదిలేసి జన్యువును తెరిచే ఎస్‌ఆర్‌సీ, పీ300 ప్రోటీన్లను దగ్గరకు తీస్తుంది. మూసిందీ తెరిచేదీ ఒకటే. కాబట్టి ఎంత పెరిగిందో కొలవడంతో సరిపోదు, అంతకుముందు ఎంత అణిగి ఉందో కూడా నీ డేటాలో కనపడాలి. ఈ గ్రాహకాల్లో ఆల్ఫా రకం తీసేసిన జెనోపస్ ట్రాపికాలిస్ జాతి తోకకప్పల్లో వెనక కాళ్లు తొందరపడి ముందే ఎదగడం ఈ అణచివేతకు మంచి సాక్ష్యం.

ఇక పనిలోకి వద్దాం. జెనోపస్ లేవిస్ వాడుతున్నావు గనక ఎన్‌ఎఫ్ (న్యూకూప్-ఫేబర్ ఎదుగుదల పట్టిక) 54వ దశ పిల్లల్ని ఎంచుకో. వయసు రోజుల్లో లెక్కపెట్టకు. ఒకే గుడ్లరాశి నుంచి వచ్చినవైనా తొట్టి కిక్కిరిసి ఉంటే కొన్ని వెనకబడతాయి. సూక్ష్మదర్శిని కింద వెనక కాలు చూడు. తెడ్డులా ఉన్న మొగ్గలో అయిదు వేళ్ల జాడ తెలుస్తుంటే 54. ముందుకాళ్లు చర్మం చీల్చుకుని బయటికొచ్చేవి 58. అప్పటికి వాటి సొంత హార్మోనే జోరుమీద ఉంటుంది, నువ్వు కలిపినది వేరుగా కనిపించదు.

టీ3 సోడియం లవణం అణుభారం 673. 6.7 మిల్లీగ్రాములు 1 మిల్లీలీటరు డీఎంఎస్‌ఓ ద్రావకంలో కరిగిస్తే దాదాపు 10 మిల్లీమోలార్ స్టాకు. దాన్ని నూరో వంతుకు పలచన చేసి, అందులోంచి లీటరు నీటికి 100 మైక్రోలీటర్లు వేస్తే 10 నానోమోలార్ వస్తుంది. అంతే చాలు. హార్మోన్ కలపని, పోలికకు ఉంచే కంట్రోలు తొట్టిలో అంతే డీఎంఎస్‌ఓ వెయ్యి. త్వరగా ఫలితం రావాలని 100 నానోమోలార్‌కు పోకు. ఆ మోతాదులో ఊపిరితిత్తులు, కాళ్లు సిద్ధం కాకముందే మొప్పలు, తోక కరగడం మొదలై పిల్లలు చస్తాయి. సహజంగా మొదట కాళ్లు, చివర్న తోక అనే వరస ఉండడానికి కారణం, ఏ కణజాలంలో ఎంత గ్రాహకం ఉంది, హార్మోన్ తక్కువ చురుకైన రూపం టీ4ను టీ3గా మార్చే ఎంజైము డీఅయోడినేజ్ 2 ఎంత, హార్మోన్‌ను పాడుచేసే డీఅయోడినేజ్ 3 ఎంత అన్న లెక్క. నువ్వు నేరుగా టీ3 పోస్తే ఆ లెక్కలో సగం దాటేసినట్టే. ఫలితాలు రాసేటప్పుడు ఇది మరిచిపోకు.

నీళ్లు 22 డిగ్రీలు, రోజూ మార్చి హార్మోన్ తాజాగా కలపాలి. రాత్రంతా పట్టి ఉంచితే క్లోరిన్ పోతుంది, క్లోరమీన్ పోదు. దానికి వేరే మందు వెయ్యాలి. అన్నిటికంటే ఎక్కువగా ప్రయోగాలు పాడయ్యేది వలల దగ్గర. టీ3 తొట్టిలో ముంచిన వల కంట్రోలులో ముంచావంటే ఆ వారం కష్టం గంగపాలు. వలకు రంగు దారం కట్టు.

కొలిచే జన్యువుల్లో కేఎల్‌ఎఫ్9ను ఒక్కదాన్నే నమ్ముకోకు. అది టీ3కి గంటల్లోనే స్పందిస్తుంది, నిజమే. కానీ ఒత్తిడి హార్మోన్ కార్టికోస్టిరాన్‌కూ స్పందిస్తుంది. వలతో తరిమి తరిమి పట్టిన కంట్రోలు పిల్లలో కూడా పైకి లేస్తుంది, నువ్వేమో టీ3 పనిచేయలేదనుకుంటావు. టీహెచ్‌ఆర్‌బీ, టీహెచ్‌ఐబీజెడ్ జన్యువులు కూడా పెట్టుకో. టీహెచ్‌ఆర్‌బీ అంటే బీటా గ్రాహకం జన్యువే. హార్మోన్ తన గ్రాహకాన్ని తానే పెంచుకుంటుంది, మధ్యలో స్పందన ఎగబాకడానికి అదొక కారణం. మిగతా జన్యువుల కొలతలు పోల్చుకోడానికి ఆధారంగా ఆర్‌పీఎల్8 జన్యువు వాడు. లేవిస్‌లో చాలా జన్యువులకు ఎల్, ఎస్ అని రెండు కాపీలుంటాయి, ప్రైమర్ (పీసీఆర్‌లో జన్యువుకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్క) రెంటికీ సమంగా అతుకుతుందో లేదో ముందే చూసుకో.

6, 24, 48 గంటలకు నమూనాలు తియ్యి. 48 గంటలకు పెరిగిందల్లా నేరుగా టీ3 చేసిన పని కాదు, మొదట లేచిన జన్యువుల ప్రోటీన్లు లేపినవీ ఉంటాయి. వేరుచెయ్యాలంటే ఒక గుంపుకు గంట ముందు సైక్లోహెక్సిమైడ్ ఇచ్చి ప్రోటీన్ తయారీ ఆపు. అప్పటికీ పెరిగినవి నేరుగా స్పందించేవి.

తోక, కాలు, పేగు విడివిడిగా గడ్డకట్టించు. మొత్తం పిల్లను నూరితే తోకలో పెరిగేదీ మెదడులో తగ్గేదీ కలిసి ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. మత్తుకు ఎంఎస్-222ను సోడియం బైకార్బొనేట్‌తో తటస్థం చేశాకే వాడు, లేకుంటే ఆ ఆమ్లానికి పిల్లలు గిలగిలా కొట్టుకుంటాయి. నీతి కమిటీ అనుమతి చేతికి రాకుండా ఒక్క పిల్లను కూడా ముట్టకు.

క్రొమాటిన్ పని, అంటే డీఎన్‌ఏ-హిస్టోన్ల మీద చూడాల్సింది, తర్వాత చూద్దాం. ముందు కంట్రోలు తొట్టి మూడు గుంపుల ఆర్‌పీఎల్8 సీటీ విలువలు (పీసీఆర్‌లో ఎన్నో సైకిలుకు సంకేతం కనపడిందో ఆ సంఖ్యలు) పంపు, వాటి మధ్య తేడా అర సైకిలు దాటితే ఆర్‌ఎన్‌ఏ మళ్లీ తీద్దువుగాని.