నవ్వే ముందు క్యాలెండర్ తెరువు: ఒక యువ రచయితకు లేఖ

బాబూ,

పాత కామిక్స్‌లోని తారీఖుల మీద నువ్వు రాసిన హాస్య వ్యాసం అందింది. మొదటి పేజీ హాయిగా చదివాను. రెండో పేజీలో మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. కెప్టెన్ అమెరికా మొదటి సంచిక కవర్ మీద మార్చి 1941 అని వేసి, 1940 డిసెంబర్ 20నే అమ్మకానికి పెట్టారని చెప్పి, "వీళ్ల ఆఫీసులో క్యాలెండర్ లేదేమో" అన్నావు. ఈ ఉత్తరం ఆ వాక్యం కోసమే రాస్తున్నాను.

ఆ నెల పాఠకుడి కోసం వేసింది కాదు, స్టాల్ నడిపేవాడి కోసం వేసింది. కవర్ మీదున్న నెల వచ్చేసిందంటే సంచిక పాతబడిందని లెక్క. అప్పుడు మిగిలిన కాపీలు తీసేసి, కవరో, కవర్ పైభాగమో చింపి వెనక్కి పంపి, వాటి డబ్బు జమ వేయించుకునేవాడు. నెల ఎంత ముందుకు వేస్తే పుస్తకం స్టాల్ మీద అన్నాళ్లు నిలుస్తుంది. అందుకే రెండు మూడు నెలలు ముందుకు వేసేవారు. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక మీద జూన్ 1938 అని ఉంటుంది, అమ్మకానికి వచ్చింది ఏప్రిల్‌లో. వాళ్లు క్యాలెండర్ తెలియని వాళ్లు కాదు బాబూ, క్యాలెండర్‌తో వ్యాపారం చేసినవాళ్లు.

ఆ తొందరపాటులో నీ చేతికొచ్చిన మంచి విషయం జారిపోయింది. ఆ కవర్ మీద కెప్టెన్ అమెరికా హిట్లర్ దవడ మీద గుద్దుతుంటాడు. అమెరికా యుద్ధంలోకి దిగింది పెర్ల్ హార్బర్ మీద దాడి తర్వాత, అంటే 1941 డిసెంబర్ 7 తర్వాత. కవర్ నెలను పట్టుకుంటే ఆ గుద్దు తొమ్మిది నెలలు ముందుపడింది. అమ్మకానికి వచ్చిన రోజును పట్టుకుంటే దాదాపు ఏడాది ముందు. ప్రభుత్వం ఇంకా ఎటూ తేల్చుకోకముందే ఆ కామిక్ సృష్టించిన జో సైమన్, జాక్ కిర్బీ అనే ఇద్దరు యువకులు పిల్లల పుస్తకంలో యుద్ధం ప్రకటించేశారు! నవ్వూ ఇక్కడే ఉంది, ఒళ్లు జలదరించేదీ ఇక్కడే ఉంది. నువ్వు క్యాలెండర్ లేదని వెక్కిరించి ముందుకు వెళ్లిపోయావు.

నేను ఇన్నేళ్లుగా నమ్మేది ఒక్కటే. తారీఖు మీద జోకు వేయాలంటే ముందు ఆ తారీఖు నిజమో కాదో చూడాలి, ఆ రోజు ఏ వారమో చూడాలి, ఆ పుస్తకం పాఠకుడి చేతిలో ఎప్పుడు పడిందో చూడాలి. అప్పుడు జోకు నువ్వు వెతక్కుండానే దొరుకుతుంది.

2013లో రాక్షస రోబోలు రాజ్యమేలుతాయని చెప్పిన ఎక్స్‌మెన్ కథ, 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్' సంగతే తీసుకో. "2013 వచ్చింది, పోయింది, రాక్షస రోబోలు మాత్రం రాలేదు" అని రాశావు. గడువు దాటిన భవిష్యత్తును చూసి ఎవరైనా నవ్వగలరు. అదే కథలో 1980 అక్టోబర్ 31 శుక్రవారం అని ఒక తారీఖు ఉంది, చూశావా? నిజంగానే అది శుక్రవారం. ఆ తర్వాతి మంగళవారం, నవంబర్ 4న, అమెరికా అధ్యక్ష ఎన్నిక. కవర్ మీద జనవరి 1981, లోపల అక్టోబర్ 1980, పాఠకుడు చదువుతున్నదీ ఇంచుమించు ఆ అక్టోబర్‌లోనే. ఒక్క పుస్తకంలో ఇన్ని కాలాలు ఉంటే నువ్వు రోబోల దగ్గరే ఆగిపోయావు.

పదమూడో తేదీ శుక్రవారం "ఏ కొన్నేళ్లకో ఒకసారి వచ్చే వింత" అన్నావు. కాదు. ఏ ఏడాదైనా కనీసం ఒకటి ఉంటుంది, ఒక్కో ఏడాది మూడు కూడా వస్తాయి. ఆదివారంతో మొదలైన ప్రతి నెలలోనూ ఉంటుంది. కొట్టెయ్యి.

నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో ఏ తారీఖు ఏ వారమో చెప్పే పట్టిక చేత్తో గీసుకున్నాను. మామూలు ఏడాదికి వారం ఒక రోజు జరుగుతుంది, లీపు సంవత్సరానికి రెండు. మొత్తం పద్నాలుగు రకాల క్యాలెండర్లే, అవే తిరిగి తిరిగి వస్తాయి. ఆ పట్టికతో రాత్రిళ్లు కూర్చుని ఒక వ్యాసం రాశాను. దాన్ని తీసుకున్న సంపాదకుడు అంకెలు పాఠకుడికి విసుగని తారీఖులన్నీ కొట్టేసి అచ్చేశాడు. తారీఖుల మీద రాసిన వ్యాసంలో తారీఖులే లేవు! ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది, పది వింతలు, ఇరవై పొరపాట్లు అని జాబితా వేయడం. నీ మూడో పేజీలో ఆ వాసన తగిలింది. ఒక్క తారీఖు దగ్గర ఒక పేజీ సేపు నిలబడి చూడు.

సూపర్‌మ్యాన్ పుట్టినరోజు ఫిబ్రవరి 29 అన్నది నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. నాలుగేళ్లకోసారి పుట్టినరోజు వచ్చేవాడు ముసలివాడు కాకపోవడంలో ఆశ్చర్యమేముంది అని అభిమానులు చమత్కరిస్తారు. దాన్ని లెక్కగట్టి చూడు. 1938లో అతను మనకు పరిచయమైంది మొదలు 1988లో యాభయ్యేళ్ల సంబరాలు జరిగేదాకా ఫిబ్రవరి 29 వచ్చింది పదమూడు సార్లే. అతని పక్కన బ్రిటిష్ కామిక్స్‌లోని భవిష్యత్తు పోలీసు జడ్జ్ డ్రెడ్‌ను నిలబెట్టు. 1977లో వచ్చిన ఆ కథ 2099లో మొదలవుతుంది. మన ఏడాది గడిస్తే అక్కడా ఏడాది గడుస్తుంది, అతనికి వయసు మీద పడుతుంది. ఆ నూట ఇరవై రెండేళ్ల దూరం అలాగే ఉంది. ఆ కథ వచ్చే పత్రిక పేరు 2000 ఏడీ, అంటే క్రీ.శ. 2000. 2000 దాకా బతుకుతుందని పెట్టినవాళ్లే అనుకోలేదు. అది ఇప్పటికీ వస్తూనే ఉంది. దీని మీద నువ్వు రాసిన పేరా బాగుంది, ముట్టుకోకు.

కలం పేరు గురించీ, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించీ అడిగావు. వాటి సంగతి ఇప్పుడు వద్దు. ముందు రెండో పేజీ మళ్లీ రాయి. నువ్వు ప్రస్తావించిన ప్రతి కామిక్‌కూ కవర్ మీద నెల, అమ్మకానికి వచ్చిన రోజు, కథలోని తారీఖు, ఆ రోజు పడిన వారం ఒక వేరే కాగితం మీద రాసి వ్యాసానికి జత చెయ్యి. నేను ముందు ఆ కాగితమే చదువుతాను.

ఆశీస్సులతో.